సంబంధమైతే సరే, ప్రేమైతేనే తప్పా?

ఎడిటర్ గారికి,

విడాకుల తర్వాత ఒంటరిగా విదేశాలు తిరిగొస్తే మనసు కుదుటపడుతుందని, కాలం కలిసొస్తే తోడు కూడా దొరుకుతుందని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. బాగుంది. ఫొటో కూడా బాగుంది, సముద్రం ఒడ్డున జుట్టు ఎగరేసుకుంటూ నవ్వుతున్న అమ్మాయి. నలభై దాటిన నేను అలా నవ్వాలంటే ముందు మోకాలి నొప్పి తగ్గాలి, అది వేరే సంగతి. నా ఫిర్యాదల్లా ఒకటే. ఇంటికి తిరిగొచ్చాక ఏమవుతుందో ఆ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. నాకు ఆ ముక్క కొంచెం తెలుసు గనక రాస్తున్నాను.

మాది చెన్నైలోని పెరంబూరు. తాతల నాడు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. నేనొక ఆడిటర్ దగ్గర పని చేస్తాను, అబ్బాయి కోయంబత్తూరులో చదువుకుంటున్నాడు. విడాకులై చాలాకాలమైంది, దాని గురించి ఇప్పుడు చెప్పాల్సిందేమీ లేదు.

మా వాళ్లు నన్ను మళ్లీ పెళ్లి చేసుకోవద్దని ఏనాడూ అనలేదు. పైగా సంబంధాలు తెచ్చారు. ఒకాయన రిటైరైన ఆఫీసరు, తల్లి మంచం మీద ఉంది, ఇంట్లో ఆడదిక్కు ఉంటే బాగుంటుందని మధ్యవర్తి చెప్పాడు, అంటే జీతం ఇవ్వక్కర్లేని నర్సు కావాలన్నమాట. ఇంకొకాయన ఫోన్లో నా పేరైనా సరిగ్గా వినకుండా ఫ్లాట్ ఎవరి పేరు మీద ఉందని అడిగాడు. మరొకరైతే మా అబ్బాయి ఎలాగూ హాస్టల్లో ఉన్నాడు కదా, సెలవులకు కూడా అక్కడే ఉండనివ్వండి అన్నారు. వీళ్లలో ఎవరికి నేను ఊ అన్నా మా పిన్ని మర్నాడే ముహూర్తం పెట్టించి, వడపళని గుళ్లో పెళ్లి జరిపించి, వచ్చినవాళ్లందరికీ బూరెలు వడ్డించి ఉండేది.

నేను శ్రీలంక వెళ్లింది తోడు కోసం కాదు. టికెట్ చవగ్గా దొరికింది, చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర, వానాకాలంలో ఆఫీసు నుంచి ఇల్లు చేరడానికి అంతకంటే ఎక్కువ పట్టిన రోజులున్నాయి. క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న గుడి దగ్గర గైడ్ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ గురించి చెబుతూ ఆయన తమిళుడు అన్నాడు. నేను ఊరుకోలేక, వాళ్లు మదురైని ఏలిన నాయక రాజుల తాలూకు, మూలాలు తెలుగువి అన్నాను. వెనక నుంచి ఒకాయన "రెండూ నిజమేనండీ, వాళ్లకి రెండు భాషలూ వచ్చు" అని తెలుగులో అందుకున్నాడు. తీర్పు చెప్పమని ఈయన్ని ఎవరు అడిగారు అనిపించింది మొదట. తర్వాత ఆ రాజు 1807లో తవ్వించిన చెరువు చుట్టూ వాదించుకుంటూనే నడిచాం. 1815లో ఇంగ్లిషువాళ్లు గద్దె దించాక ఆయన్ని మన వేలూరు కోటకే తెచ్చి ఉంచారు, 1832లో అక్కడే పోయాడు, పాలారు ఒడ్డున ముత్తు మండపం అని స్మారకం కూడా ఉంది. అది నేను చూశాను, ఆయన చూడలేదు, కాబట్టి ఆ పూట గెలుపు నాదే.

ఈయన మెల్‌బోర్న్‌లో ఉంటారు, విడాకులయ్యాయి. టీ తోటల మధ్య రైల్లో పోతున్నప్పుడు ఆ సంగతి మామూలుగా, బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పారు. తప్పెవరిదో చెప్పలేదు, నన్నూ అడగలేదు. మన ఊళ్లో ఆ ప్రశ్న రాకుండా రెండు నిమిషాలు గడవవు. విదేశంలో ప్రేమ దొరకడానికి సముద్రమో చందమామో కారణం కాదనుకుంటాను. అక్కడ నేను ఫలానా వారి అమ్మాయిని కాదు, ఫలానా వాడు వదిలేసిన మనిషిని కాదు, చరిత్ర గురించి గైడ్‌తో పేచీ పెట్టుకునే ఒక టూరిస్టుని, అంతే. ఆ తర్వాత నెలల తరబడి ఫోన్లు, ఆయన రెండుసార్లు చెన్నై రావడం, అవన్నీ మీకు విసుగు.

ఇంట్లో చెప్పాను. "ఊళ్లో మనుషులు కరువైనట్టు సముద్రం దాటి వెతుక్కోవాలా" అంది పిన్ని. ఆయనది కావలి పిన్నీ అన్నాను. వెంటనే "కావలిలో ఎవరి తాలూకు?" అని అడిగింది, కోపంలో కూడా ఆ ఆరా మర్చిపోలేదు! మేనమామ అయితే ఈ వయసులో ప్రేమలేమిటని ఒక్క మాటతో తేల్చేశాడు. నాకు ఫ్లాట్ గురించి అడిగిన పెద్దమనిషిని తెచ్చింది ఈ మేనమామే. అప్పుడూ ఇదే వయసు కదా!

1881లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం చేయించారు. అంటే ఆడదానికి రెండో పెళ్లి అనేది మనకు కొత్త కాదు, కనీసం మాటల్లో. కానీ ఎవరో పెద్దమనిషి పూనుకుని, జాలిపడి, కుదిర్చి చేయాలి. ఆమె తనంతట తాను ఒక మనిషిని చూసి, నచ్చి, ఈయనతో ఉంటానంటే మాత్రం అది తెగింపు అయిపోతుంది. సంబంధంగా వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషిని నమ్మవచ్చట, నేను ఏడాది మాట్లాడి తెలుసుకున్న మనిషిని నమ్మకూడదట.

ఒక్క భయం మాత్రం న్యాయమైనదే. ఆన్‌లైన్లో పరిచయమై, పెళ్లి మాటలు మాట్లాడి, నీకోసం గిఫ్టులు తెస్తుంటే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు, డబ్బు పంపు అనే మోసాలు ఎన్నో చూస్తున్నాం. అందుకే మా అబ్బాయి ఆయన ఫొటో గూగుల్లో పెట్టి వెతికాడు, ఉద్యోగం వివరాలు అడిగాడు. ఆయన నొచ్చుకోలేదు, జీతం స్లిప్ కూడా పంపనా అన్నారు. డబ్బు మాట వచ్చిన నిమిషమే ఫోన్ పెట్టేయండి, పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ వ్యాసం రాసినవారికి తట్టని ఇంకో సంగతి విడాకుల కాగితం. ఆస్ట్రేలియాలో 1975 చట్టం ప్రకారం ఏడాది విడిగా ఉంటే చాలు, కారణం అడగరు. మన హిందూ వివాహ చట్టంలో, విడిగా ఉన్నామన్న ఒక్క కారణంతో ఒకరే అడిగితే విడాకులు రావు. తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు జంట కేసులో, భర్త అమెరికాలో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో అందులో లేని కారణం మీద, అవతలి మనిషి ఒప్పుకోకుండా తెచ్చుకున్న విడాకుల తీర్పుకి ఇక్కడ విలువ లేదు. అది తెలియక చేసుకుంటే నా పెళ్లీ చెల్లదు, ఆయన మీద కేసూ పడుతుంది. ఈయన విషయంలో భార్యాభర్తలిద్దరూ కలిసి దరఖాస్తు పెట్టుకున్నారు, ఆ కాగితం చూశాకే మా లాయరమ్మ ముఖం విప్పారింది. ఇక్కడ కోర్టులో పోరాడి తెచ్చుకున్న విడాకులైతే అప్పీలు గడువు దాటేదాకా మళ్లీ పెళ్లి కుదరదు, అదీ చూసుకోవాలి.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుందామనుకుంటున్నాం. మాలో ఒకరు నోటీసుకు ముందు కనీసం ముప్పై రోజులు ఈ జిల్లాలో ఉండాలి, దానికి నేను ఉన్నాను. నోటీసు ఇచ్చాక ముప్పై రోజులు అది మ్యారేజ్ ఆఫీసరు గారి ఆఫీసు గోడ మీద అందరికీ కనబడేలా ఉంటుంది, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. మా మేనమామకు ఈ సంగతి ఇంకా తెలియదు. పెళ్లయ్యాక నేను అక్కడికి పోవాలా, ఆయన ఇక్కడికి రావాలా అన్నది తేలలేదు. ఉద్యోగం వదలడం నాకు ఇష్టం లేదు, ఆయనకూ లేదు. దాని మీద నిన్న రాత్రి కూడా గొడవపడ్డాం.

మీ పత్రికలో న్యాయ సలహాల శీర్షిక ఉంది కదా, ఈ విదేశీ విడాకుల గురించి ఒక లాయరు చేత వివరంగా రాయించండి. ఈ ఉత్తరం వేసుకుంటే మాత్రం నా పేరు వేయకండి, మా పిన్ని మీ పత్రికను మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై