‘బిజినెస్ డిపార్ట్‌మెంట్’ అంటే ఏ విభాగం?

సంపాదకులకు నమస్కారం.

‘బిజినెస్ డిపార్ట్‌మెంట్’ అన్న మాట వార్తల్లోనైనా, ఉద్యోగ ప్రకటనల్లోనైనా ఎదురైతే కళ్లు మూసుకుని ‘వ్యాపార విభాగం’ అని రాసేయడం మనకు అలవాటైపోయింది. చోటును బట్టి ఈ ఒక్క మాటే వేర్వేరు పనులను సూచిస్తుంది గనుక, ఈ అలవాటు పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తోందని మీ దృష్టికి తేదలచాను.

దూరం పోనక్కరలేదు, పత్రికా కార్యాలయాన్నే తీసుకుందాం. అక్కడ బిజినెస్ డిపార్ట్‌మెంట్ అంటే ప్రకటనలు, సర్క్యులేషన్, చందాలు, జమాఖర్చులు చూసేవారు. మార్కెట్ల వార్తలు, కంపెనీల ఫలితాలు రాసే బిజినెస్ డెస్క్ మాత్రం సంపాదక వర్గంలో భాగం. ప్రకటనదారుల ఒత్తిడి వార్తల మీద పడకూడదనే ఈ రెండింటినీ వేరుగా ఉంచుతారు కాబట్టి, రెండింటికీ ఒకే తెలుగు పేరు పెడితే ఆ హద్దు పాఠకుడికి కనిపించకుండా పోతుంది. విశ్వవిద్యాలయంలో ఇదే మాట మేనేజ్‌మెంట్, మార్కెటింగ్ వంటివి బోధించే శాఖకు చెల్లుతుంది.

కంపెనీల్లో చిక్కు మరీ ఎక్కువ. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు ‘బిజినెస్ వాళ్లు’ అంటే ఆ పని కావాలని అడిగిన విభాగమని అర్థం; అది అమ్మకాలు కావచ్చు, గోదాము కావచ్చు, జీతాల సెక్షనూ కావచ్చు. నేను పనిచేసిన సంస్థలో ఒకసారి ‘వ్యాపార విభాగం ఆమోదం తప్పనిసరి’ అని తెలుగు సర్క్యులర్ వచ్చింది. ఆ పేరున్న విభాగమే లేకపోవడంతో, జీతాల సెక్షన్ కోరిన మార్పు తాలూకు ఫైలు అమ్మకాల విభాగానికి వెళ్లి, ‘మాకు సంబంధం లేదు’ అన్న రాతతో తిరిగొచ్చి, నా బల్ల మీద 11 రోజులు పడి ఉంది. తీరా చూస్తే సంతకం చేయవలసింది ఆ జీతాల సెక్షన్ అధికారే.

నిజానికి ‘వ్యాపారం’ అంటే మొదట చేసే పని అనే అర్థం. సంస్కృత వ్యాకరణంలో ధాతువుకు, అంటే క్రియాపదపు మూలరూపానికి, ఫలం (పని వల్ల కలిగే ఫలితం), వ్యాపారం (ఆ పని చేయడం) అని రెండర్థాలు చెబుతారు. ‘మనోవ్యాపారం’లో కొనుగోళ్లూ అమ్మకాలూ లేవు. ఇంగ్లీషు ‘బిజినెస్’ కూడా తీరికలేనితనం నుంచి పుట్టిన మాటే. ఆ పాత అర్థం నిలిచి ఉంటే ‘వ్యాపార విభాగం’ చక్కగా అమిరేది గానీ, నేడు ఆ మాట వినగానే తోచేది క్రయవిక్రయాలే.

అందువల్ల ఆ విభాగం చేసే పనేదో తెలుసుకుని, ఆ పని పేరే రాయవలసిందిగా మీ అనువాదకులను కోరుతున్నాను. అది తెలియని చోట ‘బిజినెస్ డిపార్ట్‌మెంట్’ అనే ఉంచినా తప్పులేదు. ‘వాణిజ్య శాఖ’ అని మాత్రం రాయకండి. అలా రాస్తే చదివేవారు దానిని ప్రభుత్వ శాఖ అనుకుంటారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు