ఎడమకు లాగితే కుడివైపు చూడు

నాన్నా,

రాత్రి ఫోన్‌లో నీ మీద గట్టిగా అరిచాను. అది కోపం కాదు, భయం. బ్రేకు తొక్కితే లారీ ఎడమకు లాగుతోందని, అందుకే ముందు ఎడమ చక్రం బ్రేకు కాస్త లూజు చేశానని, ఇప్పుడు తిన్నగా ఆగుతోందని నువ్వు సంతోషంగా చెప్పేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను. ఈ కాగితం బండిలోనే పెట్టుకో.

బండి ఎడమకు లాగుతోందంటే ఎడమ చక్రం గట్టిగా పడుతోంది, కుడిది పట్టడం లేదు. చాలాసార్లు జబ్బు ఉండేది బండి లాగే పక్క కాదు, రెండో పక్క. నువ్వు బాగా పనిచేస్తున్న బ్రేకును తగ్గించి, పనిచేయని దానికి సమానం చేశావు. ఖాళీ బండి తిన్నగానే ఆగుతుంది. లోడుతో దిగుడులో ఆగాల్సి వచ్చినప్పుడు ముందు రెండు చక్రాలూ చేతులెత్తేస్తాయి. ముందు ఆ లూజు చేసింది సరిచెయ్యి, తర్వాతే మిగతా పని.

దానికి ముందు ఓ మాట. సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టకుండా కిందకు దూరొద్దు. ముందు టైర్లు రెండింటిలో గాలి సమానంగా ఉందో లేదో కూడా చూడు. లాగడానికి ఒక్కోసారి అదే కారణం.

జబ్బు ఏ చక్రంలో ఉందో వేడే చెబుతుంది. నాలుగైదు కిలోమీటర్లు నడుపు, మధ్యమధ్యలో మామూలుగా బ్రేకు వాడు. ఆపగానే దిగి ప్రతి బ్రేకు డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె) దగ్గరా అరచేతి వెనక భాగం పెట్టి చూడు. దగ్గరగా పెట్టు, ఆనించకు, చర్మం ఊడొస్తుంది. అన్నీ వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ బ్రేకు పని చెయ్యట్లేదు. ఒకటి మాత్రం మరీ కాగిపోతుంటే, అది వదలకుండా రాసుకుంటూ ఉండొచ్చు, లేదా చల్లగా ఉన్నదాని పని కూడా అదే చేస్తుండొచ్చు.

తర్వాత గాలి. టైర్లది కాదు, బ్రేకులను పనిచేయించే గాలి. గేజి 7, 8 కేజీల దాకా ఎక్కనిచ్చి ఇంజిన్ ఆపెయ్. బ్రేకు వదిలేసి ఉన్నప్పుడు నిమిషానికి 2 పీఎస్ఐ (కేజీకి సుమారు 14 పీఎస్ఐ) కంటే ఎక్కువ దిగకూడదు. తొక్కి పట్టుకున్నాక మొదట పడేది వదిలేసి, ఆ తర్వాత నిమిషానికి 3 పీఎస్ఐ దాటకూడదు. ఇది ట్రైలర్ లేని బండి లెక్క. అంతకంటే ఎక్కువ దిగుతుంటే పెడల్ తొక్కడానికి ఎవరినైనా కూర్చోబెట్టి నువ్వు కింద చెవి పెట్టు. తొక్కినప్పుడు మాత్రమే ఓ బూస్టర్ (గాలి ఒత్తిడితో బ్రేకును తోసే డబ్బా) దగ్గర బుస్సుమంటుంటే అందులో డయాఫ్రమ్, అంటే లోపలి రబ్బరు పొర, చిరిగింది. ఎక్కడో తెలియకపోతే జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడు.

పాత బండిలో చాలామంది వదిలేసేది చక్రానికి గాలి తీసుకెళ్లే రబ్బరు పైపు. పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఊడి దారి మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు ఆ చక్రానికి గాలి ఆలస్యంగా చేరుతుంది, ఆలస్యంగానే వదులుతుంది. తొక్కగానే స్టీరింగ్ ఓ పక్కకు గుంజి, క్షణం తర్వాత తిన్నగా అవుతుందా? అయితే నేను ముందు ఆ పైపునే అనుమానిస్తాను.

ఇక పుష్ రాడ్లు, అంటే తొక్కినప్పుడు బూస్టర్‌లోంచి బయటకు వచ్చే కడ్డీలు. నీ బండికి ఇది అసలైన పరీక్ష. బ్రేకు వదిలేసి ఉండగా రెండు ముందు రాడ్ల మీదా బూస్టర్ అంచు దగ్గర సుద్దతో గీత పెట్టు. తొక్కించి గీత ఎంత బయటకు వచ్చిందో స్కేలుతో కొలువు. రెండు పక్కలా ఒక్కలాగే రావాలి. కుడిది ఎక్కువగా వస్తుంటే స్లాక్ అడ్జస్టర్ (రాడ్ చివర ఉండే, బ్రేకు బిగించే చెయ్యి) లూజైంది, లేదా లైనర్ (డ్రమ్ముకు రాసుకునే పట్టీ) అరిగింది. తక్కువ వస్తుంటే గాలి అందట్లేదు, లేదా లైనర్లను డ్రమ్ముకు నొక్కే కామ్ దాని బుష్‌లో పట్టేసింది. రెండూ సమానంగానే వచ్చి కూడా కుడి చక్రం చల్లగానే ఉందా? అయితే డ్రమ్ము విప్పాల్సిందే, లైనర్ మీద గ్రీజు ఉండొచ్చు.

ఆ గ్రీజు సంగతి నేను అనుభవించాను. నీకు అప్పుడు నాలుగేళ్లు. వెనక కుడి చక్రానికి గ్రీజు బయటకు రాకుండా ఆపే హబ్ సీల్ పోయి లైనర్ తడిసింది. ఇంకా మందం ఉంది కదా, పారేయడానికి మనసు ఒప్పలేదు. డీజిల్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్ది ఆరబెట్టాను. కొత్తదానిలా కనబడింది. మర్నాడు దిగుడులో నాలుగోసారి తొక్కేసరికి బండి జారింది. చిన్న గేరులో ఉన్నాను కాబట్టి, కింద రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి ఆగింది. డ్రమ్ము విప్పి చూస్తే లైనర్ నల్లటి అద్దంలా నిగనిగలాడుతోంది. గోరుతో గీస్తే మాడిన వాసనతో జిగట గోట్లోకి వచ్చింది. లైనర్ లోపలికి పీల్చుకున్న గ్రీజంతా వేడికి మళ్లీ పైకి ఊరింది. నువ్వు నా సీటు వెనక నిద్రపోతున్నావు, లేవనైనా లేవలేదు. రాత్రి నీ మీద ఎందుకు అరిచానో ఇప్పుడు తెలిసిందనుకుంటాను.

కాబట్టి గ్రీజు తాకిన లైనర్ కడగొద్దు, మార్చు. ముందు సీల్ మార్చి, తర్వాత లైనర్లు రెండు పక్కలా వెయ్యి. ఒక్క పక్కే కొత్తది వేస్తే మళ్లీ లాగుడు మొదలవుతుంది. విప్పినప్పుడు లైనర్లను వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగులు కూడా చూడు, సాగిపోయినవి తిరిగి బిగించకు. డ్రమ్ములోని దుమ్మును గాలి పెట్టి ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడువు.

అడ్జస్ట్ చెయ్యడం డ్రమ్ములు పూర్తిగా చల్లారాకే. వేడికి డ్రమ్ము పెద్దదవుతుంది, అప్పుడు బిగిస్తే చల్లారాక పట్టేస్తుంది. చక్రం లేపి, కదలకుండా పట్టేసేదాకా స్లాక్ అడ్జస్టర్ బోల్టు తిప్పు. బ్రేకు తొక్కినప్పుడు కామ్ ఏ వైపు తిరుగుతుందో బోల్టు తిప్పినప్పుడూ ఆ వైపే తిరగాలి, లేదంటే నువ్వు లూజు చేస్తున్నట్టు. పట్టేశాక పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పు. చేత్తో లాగితే రాడ్ దగ్గర అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. తొక్కినప్పుడు రాడ్‌కూ అడ్జస్టర్‌కూ మధ్య దాదాపు 90 డిగ్రీలు రావాలి.

ఒక్క పని మాత్రం నీ అంతట నువ్వు అస్సలు చెయ్యొద్దు. వెనక ఉన్న డబుల్ బూస్టర్లలో పార్కింగ్ బ్రేకు స్ప్రింగ్ నొక్కి పెట్టి ఉంటుంది. దాని పట్టీ విప్పితే తుపాకీ గుండులా ఎగిరొస్తుంది, మనుషులు చచ్చిపోయారు. అది పాడైతే, స్ప్రింగును బోల్టుతో బిగించి పెట్టడం తెలిసిన మెకానిక్ చేత మొత్తంగా మార్పించు.

రోజూ గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు బయటకు వదులు. నీళ్లతో పాటు నూనె వస్తుంటే కంప్రెసర్ రింగులు అరిగాయన్నమాట, నాకు చెప్పు.

ఆదివారం ఫోన్ చెయ్యి. ముందు రెండు రాడ్ల కొలతలూ, ఏ డ్రమ్ము చల్లగా ఉందో కాగితం మీద రాసుకుని చెప్పు. అప్పటిదాకా లోడు ఎక్కించకు.

ఇట్లు,
మీ నాన్న