తాళం వేసిన ఇల్లు ఎవరి లెక్కలో ఆస్తి?

గృహనిర్మాణ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో కంప్యూటర్ మీద ఆదాయపు పన్ను రిటర్నులు ఎక్కించే గుమాస్తాని. జీతం పద్నాలుగు వేలు. అడ్డగుట్టలో ఒక గది, వంటిల్లు ఉన్న వాటాకి ఏడు వేలు అద్దె కడుతున్నాను. తెల్లకార్డు ఉంది.

2024 జనవరి మొదటివారంలో, ప్రజాపాలన కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు పెట్టాను. తర్వాత సర్వేకి వచ్చిన అబ్బాయి యాప్ తెరిచి, "ఊళ్లో ఇల్లుందా అన్నా?" అని అడిగాడు. ఉందన్నాను. "స్లాబా?" అన్నాడు. స్లాబే అన్నాను. అంతే, మా పేరు ఎల్-3లో, అంటే సొంత ఇల్లుందని పక్కనపెట్టే జాబితాలో పడింది.

ఆ స్లాబు సంగతి చెప్తాను. దేవరకొండ దగ్గర మా నాన్న కట్టిన రెండు గదులు అవి. ఆయన పోయాక పెద్దకొడుకునని పంచాయతీ రికార్డులో నా పేరు ఎక్కింది కానీ, నలుగురు అన్నదమ్ములం, నాలుగు వాటాలు. పదకొండేళ్లుగా తాళమే. పైకప్పు పెచ్చులూడి ఇనప చువ్వలు బయటపడ్డాయి, వానొస్తే లోపల మోకాలిలోతు నీళ్లు. అమ్ముదామంటే ఒక తమ్ముడు సంతకం పెట్టడు. అద్దెకిద్దామంటే ఆ ఊళ్లో అద్దెకుండేదెవరు?

ఇక మా ఆఫీసులో రోజూ చూసేది వింటే మీకూ నవ్వొస్తుంది. గచ్చిబౌలిలో రెండో ఫ్లాట్ కొని తాళం వేసి ఉంచినవారి రిటర్ను నేనే ఎక్కిస్తాను. ఆ ఫ్లాట్ మీద ఆదాయం దగ్గర సున్నా కొడతాను. అది తప్పేమీ కాదు, చట్టమే అలా ఉంది. సొంతానికి ఉంచుకున్న ఇంటికి ఈ సున్నా 2019 బడ్జెట్ నుంచి రెండిళ్ల దాకా వర్తిస్తోంది. అందులో ఎందుకు ఉండటం లేదని అడిగే షరతు కూడా 2025 బడ్జెట్‌లో తీసేశారు. నగరంలో ఖాళీ ఇంటికి ఆస్తి పన్నులో సగం తగ్గింపు అడిగే వీలు కూడా ఉంది. పన్ను కట్టేవాడి ఖాళీ ఇల్లు సున్నా అయినప్పుడు, సాయం అడిగేవాడి ఖాళీ ఇల్లు ఒక్కసారిగా ఆస్తి ఎలా అవుతుంది సార్?

నిబంధనే వద్దని నేను అనడం లేదు. నగర శివార్లలోని కొల్లూరులో పేదల కోసం ప్రభుత్వం కట్టి 2023లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లలో తాళాలు వేసినవి, అద్దెకిచ్చినవి ఉన్నాయని పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అద్దె తినేవాడికి రెండో ఇల్లు ఇవ్వమని ఎవరు అడుగుతారు? (ఇచ్చిన ఇంట్లో ఉండలేక తాళం వేసినవాళ్లూ ఉన్నారు. సికింద్రాబాద్‌లో కూలికెళ్లే మనిషి కొల్లూరు నుంచి రానుపోను ఎన్ని గంటలో ఒకసారి బస్సెక్కి చూడండి.) కేంద్రం పీఎం ఆవాస్ యోజనలో కూడా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదనే మాట ఉంది. అగ్రవర్ణ పేదల రిజర్వేషన్ కోసం ఇచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కి మాత్రం కేంద్రం నిబంధనల్లో కొలత పెట్టారు. ఫ్లాటైతే వెయ్యి చదరపు అడుగుల లోపు, మున్సిపాలిటీలో ఇంటి ప్లాటైతే వంద గజాల లోపు ఉండాలి. మా దగ్గర ఆ టేపు కూడా పట్టలేదు. స్లాబా కాదా అన్నదొక్కటే అడిగారు.

అందుకే నేను కోరేది చిన్నది. ఎల్-3లో ఉన్నవాళ్లని మళ్లీ పరిశీలించేటప్పుడు ఆ యాప్‌లో ఇంకో మూడు ప్రశ్నలు పెట్టించండి. ఆ ఇంట్లో ఎన్ని వాటాలు? ఇప్పుడు ఎవరుంటున్నారు? దాని మీద నెలకి ఎంతొస్తుంది? జవాబులు అబద్ధమనిపిస్తే పంచాయతీ కార్యదర్శి వెళ్లి ఒక ఫోటో తీస్తే సరిపోతుంది.

మా ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది. మీ శాఖ నుంచి ఎవరైనా చూస్తామంటే ఆదివారం నాకు సెలవు, నేనే వెంట వస్తాను. కాకపోతే తాళం తుప్పుపట్టింది, కొంచెం కిరసనాయిలు తెచ్చుకోవాలి.

ఇట్లు,
అడ్డగుట్టలో అద్దెకుంటున్న ఒక దరఖాస్తుదారు