అగ్ని ప్రమాదాల లెక్క కాస్త పూర్తిగా రాయించండి సార్

జాతీయ నేర రికార్డుల బ్యూరో డైరెక్టర్ గారికి నమస్కారం.

సార్, మీ 2022 రిపోర్టులో అగ్ని ప్రమాదాలు 7,566, చనిపోయినవాళ్ళు 7,435 మంది అని ఉంది, ఆ రెండు నంబర్లు పక్కపక్కన చూసి చాలాసేపు అలా ఉండిపోయాను. అంటే దాదాపు ప్రతి ప్రమాదానికీ ఒక చావు, మరి ఎవరూ చనిపోని మంటల మాటేంటి? పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళిన కేసులే మీ దగ్గరికొస్తాయి, ఫైర్ స్టేషన్ రిజిస్టర్లో రాసినవి అక్కడే ఉండిపోతాయి.

మా వీధి చివర ఒకావిడ కుట్టు మిషన్ పెట్టుకుని బతికేది. ఒక రాత్రి స్విచ్ బోర్డు అంటుకుంది, మనుషులు బయటపడ్డారు గానీ పొద్దునకి మిషన్ ఇనుప చట్రం ఒక్కటే మిగిలింది, పెళ్ళి వాళ్ళు కుట్టమని ఇచ్చిన పట్టు జాకెట్లన్నీ బూడిద. ఆవిడ నష్టం మీ ఏ కాలమ్‌లోకి వస్తుంది సార్?

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పిల్లలు, అంతా పాతికేళ్ళ లోపు వాళ్ళే, పొగకి ఊపిరాడక పోయారు. 2025 మేలో హైదరాబాద్ పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే కుటుంబంలో 17 మంది. మంట కంటే పొగే ముందు చంపుతోంది, అది కూడా విడిగా రాయించండి, మెట్లకి తాళం వేసుందా, కిటికీకి గ్రిల్ ఉందా అనేది కూడా.

ఫైర్ డిపార్ట్‌మెంట్ల లెక్కలు, ఆస్తి నష్టంతో సహా, మీ రిపోర్టులో కలపమని వేడుకుంటున్నాను.