తరగతిలోని తెర, ఉపాధ్యాయుడి చేతిలోని తెర: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

కర్నూలు జిల్లా ఆదోని ప్రాంతంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 29 ఏళ్లు భౌతిక శాస్త్రం బోధించి, గత ఏడాది పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం. ఈ లేఖను ఉద్యోగంలో ఉండగానే రాయాలనుకున్నాను గాని, సర్వీసు నిబంధనలు గుర్తుకొచ్చి ప్రతిసారీ కాగితం మడిచి సొరుగులో పెట్టేశాను. ఇప్పుడు ఆ జంకు లేదు. తరగతి గదుల్లోకి ప్రభుత్వం తెచ్చిన పరికరాలు మంచివని, వాటితో పాఠం చెప్పి చూసినవాడిగా, ముందే ఒప్పుకుంటున్నాను. అయితే వాటితో పాఠం చెప్పడానికి ఉపాధ్యాయుడికి కావలసిన సమయాన్ని, స్వేచ్ఛను అదే సాంకేతికత పేరు మీద మరో చేత్తో వెనక్కి తీసుకుంటున్నారన్నది నా బాధ.

2023లో మా బడికి ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు) వచ్చినప్పుడు వాటిని అనుమానంగా చూసినవాళ్లలో నేనూ ఒకడిని. పదో తరగతి కుంభాకార కటకం పాఠం నా అనుమానాన్ని తీర్చింది. నల్లబల్ల మీద స్కేలు పెట్టి, రంగు సుద్దలతో ఒక్క వస్తు స్థానానికి కిరణ చిత్రం గీయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆరు స్థానాలకూ గీసేసరికి ఒకటిన్నర పీరియడ్ గడిచిపోతుంది, అప్పటికి మొదటి బొమ్మను చెరిపేసి ఉంటాం కాబట్టి మొదటిదానికీ చివరిదానికీ ఉన్న సంబంధం పిల్లవాడి కంటికి ఆనదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా అందించే ఫెట్ సిమ్యులేషన్లలో (నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది) వస్తువును వేలితో జరిపితే ప్రతిబింబం దానంతటదే కదులుతుంది. వస్తువు నాభి దగ్గరకు వచ్చేకొద్దీ ప్రతిబింబం పెరిగి పెరిగి తెర దాటిపోతుంది, నాభి లోపలికి రాగానే నిటారుగా ఇవతలి వైపున ప్రత్యక్షమవుతుంది. అది చూసి వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "నడిమధ్యలో, సరిగ్గా నాభి మీదనే నిలబెడితే యాడ పడ్తాది సార్?" అని అడిగింది. అన్నేళ్ల నా సర్వీసులో ఆ ప్రశ్న నేనే వేసి, జవాబు కూడా నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఒక విద్యార్థి తనంతట తాను అడగడం అదే మొదలు.

ఆ ప్యానెలే ఒకసారి నన్ను ఇరుకున పెట్టింది కూడా. ఓమ్ నియమం పాఠాన్ని ముందు తెర మీద చూపించి, ఆ తర్వాత బ్యాటరీలు, టార్చి బల్బు, అమ్మీటరు ఇచ్చి పిల్లల చేత ప్రయోగం చేయించాను. తెర మీద గ్రాఫు గీత గీసినట్టు సరళరేఖగా వచ్చింది గాని, బల్లల మీద అది వంగిపోయింది, పిల్లలు వరసగా వచ్చి తమ అమ్మీటరు చెడిపోయిందని ఫిర్యాదు చేశారు. నిజానికి అమ్మీటరులో ఏ లోపమూ లేదు. బల్బులోని తీగ వేడెక్కి దాని నిరోధం పెరిగినందువల్ల గీత వంగింది. తెర మీద తీగ వేడెక్కదు, కనెక్షను వదులవదు, తుప్పు పట్టదు. మరుసటి ఏడాది ముందు ప్రయోగం చేయించి, గీత ఎందుకు వంగిందో పిల్లల చేతనే వాదింపజేసి, చివరికి తెర తెరిచాను, పాఠం కుదిరింది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ గదిలో ఆ పిల్లల ముందు నిలబడ్డ మనిషికే తెలుస్తుంది. అందువల్ల ఫలానా పాఠానికి ఫలానా వీడియోను ఫలానా వారంలో చూపించి తీరాలని పైనుంచి వచ్చే ఆదేశాలు, చూపించారో లేదో లెక్కగట్టే డ్యాష్‌బోర్డులు బోధనకు సాయపడవు. వీడియో నడిచిన నిమిషాలను అవి కొలవగలవు. పిల్ల అడిగిన ప్రశ్నను కొలిచే గడి వాటిలో ఎక్కడా లేదు.

ఇక ఉపాధ్యాయుడి చేతిలోని తెర సంగతి. 2022 ఆగస్టులో ముఖ ఆధారిత హాజరు వచ్చింది. సకాలంలో బడికి రావాలన్న దానితో నాకు పేచీ లేదు, రానివాళ్లను చూసి నేనూ సిగ్గుపడ్డాను. ఆ హాజరుతో మొదలైన వరస మాత్రం అక్కడితో ఆగలేదు. పిల్లల హాజరు, భోజనం చేసినవాళ్ల సంఖ్య, గుడ్లు, చిక్కీలు, యూనిఫాం కొలతలు, బూట్ల సైజులు, పుస్తకాల పంపిణీ, యూడైస్ (బడుల జాతీయ సమాచార నిధి) వివరాలు, ఒకే మార్కులను రెండు చోట్ల ఎక్కించడం, ఇలా ప్రతి పనికీ ఫోను తీయవలసి వచ్చింది. మా ఊళ్లో సిగ్నలు మేడ మీద ట్యాంకు పక్కనే అందుతుంది కాబట్టి, మొదటి పీరియడ్ జరుగుతుండగా ముగ్గురు ఉపాధ్యాయులు మేడ మీద చేతులు చాచి తిరుగుతూ ఉండడం మా ఊరివాళ్లకు అలవాటైన దృశ్యం. అందులో ఒకడిని నేను.

2024లో ప్రతి విద్యార్థికీ ఒక శాశ్వత గుర్తింపు సంఖ్య ఇచ్చే అపార్ పని వచ్చినప్పటి ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. ఉరుకుంద ఈరన్న స్వామి మొక్కుబడి వల్ల మా ప్రాంతంలో వీధికి నలుగురు ఈరన్నలు ఉంటారు. బడి రిజిస్టరులో ఈరన్న, ఆధార్‌లో వీరన్న, రేషన్ కార్డులో ఈరణ్ణ. కంప్యూటరు దృష్టిలో వీళ్లు ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురినీ ఒకణ్ని చేయడానికి తండ్రి ఒక రోజు కూలి మానుకుని మండల కేంద్రానికి పోవాలి, ఉపాధ్యాయుడు ఆ తండ్రికి నాలుగుసార్లు ఫోను చేయాలి. నా పదో తరగతిలో ఆ నెల కాంతి పాఠ్యాంశం రెండు వారాలు వెనకబడింది.

మీ శాఖ ఈ భారాన్ని గుర్తించలేదని అనను. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే పనిని 2024లో రద్దు చేసినప్పుడు స్టాఫ్ రూములో మేమంతా మనస్ఫూర్తిగా సంతోషించాం. వేర్వేరు యాప్‌లను లీప్ అనే ఒకే యాప్ కిందికి తేవడం కూడా సరైన అడుగే. కాని పది సంచుల్లోని బరువును ఒకే మూటగా కడితే మోసేవాడికి చేతులు ఖాళీ అవుతాయి గాని, బరువు తగ్గదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే విద్యేతర పనికీ ఉపాధ్యాయుణ్ని వినియోగించరాదని స్పష్టంగా చెబుతోంది. బూటు సైజు ఎక్కించడం ఈ మూడింటిలో దేని కిందికి వస్తుందో విజ్ఞులైన మీరే చెప్పాలి. ఒకసారి ఇచ్చిన వివరాన్ని మళ్లీ అడగరాదని, బోధనా వేళల్లో ఏ యాప్‌లోనూ గడువు పెట్టరాదని ఒక ఉత్తర్వు వెలువడితే, కొత్తగా ఒక్క పరికరమైనా కొనకుండానే ప్యానెళ్ల వాడకం పెరుగుతుందని నా నమ్మకం.

మరమ్మతుల సంగతికి వస్తాను. 1975 ఆగస్టులో మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజను పాఠాలు అందించిన సైట్ ప్రయోగం సంగతి మీ శాఖ పెద్దలకు తెలిసే ఉంటుంది. నాసా ఉపగ్రహం, హైదరాబాదులో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసిన సెట్లు, కోళ్ల దొడ్లకు వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల యాంటెన్నా, పొద్దున పూట పిల్లలకు పాఠాలు. సెట్లను ఊళ్లకు చేర్చడంతో పాటు వాటిని నడుస్తూ ఉండేలా చూసే బాధ్యతను కూడా ఇస్రో తలకెత్తుకుంది. సరిగ్గా ఏడాదికి ఆ ప్రయోగం ముగిసింది, అది ముందే అనుకున్న గడువు. మేము చూసింది వేరు. 2008 తర్వాత ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి, అయిదేళ్ల ఒప్పందం మీద ప్రైవేటు సంస్థలు బోధకులనూ పెట్టాయి. నేను అప్పుడు పనిచేస్తున్న బడిలో ఒప్పందం ముగిసిన వారానికే బోధకుడు వెళ్లిపోయాడు, గదికి తాళం పడింది, రెండు వానాకాలాలు గడిచాక ఆ తాళం తీస్తే కీబోర్డుల్లో ఎలుకలు పిల్లలు పెట్టి ఉన్నాయి.

ఇప్పటి ప్యానెళ్లకు కూడా అదే దారి పట్టకుండా చూడండి. మా బడిలో ఒక ప్యానెల్ తాకినా పలకకుండా పోయినప్పుడు, సరఫరాదారు ఇచ్చిన నంబరుకు ఫిర్యాదు చేస్తే, ఎవరూ రాకుండానే "సమస్య పరిష్కారమైంది" అని సందేశం వచ్చింది. మళ్లీ ఫిర్యాదు చేశాం, మళ్లీ పరిష్కారమైంది. ఆదోనిలో టీవీలు బాగుచేసే ఒక కుర్రవాణ్ని పిలిపిస్తే, ప్యానెలును ముట్టకుండానే గోడలోని ఎర్తు సరిగా లేదని, ఓల్టేజి ఎగుడుదిగుడుకు బోర్డులు కాలుతున్నాయని చెప్పాడు. సీలు విప్పితే వారంటీ పోతుందని మేమే అతణ్ని ఆపాం. వారంటీ ఉండీ మనిషి రాడు, మనిషి ఉండీ వారంటీ ఒప్పుకోదు. నిర్ణీత రోజుల్లో సరఫరాదారు రాకపోతే స్థానికంగా బాగు చేయించుకుని, ఆ ఖర్చును బడి నిర్వహణకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు నుంచి చెల్లించే అధికారం ప్రధానోపాధ్యాయుడికి ఇవ్వాలి. ఫిర్యాదు ముగిసిందని తేల్చే మాట బడిదే కావాలి. ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సౌర పార్కు 2017 నుంచి వెలుగుతోంది. అంత ఎండ కాసే నేల మీద, కరెంటు పోయినప్పుడు ఒక పీరియడ్ నడిపించే బ్యాటరీ బడికి ఒకటి ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదనుకుంటాను.

పాఠాల భాష గురించి కొంచెం చెప్పాలి. కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు పిల్లలు ఇంట్లో కన్నడం కలిసిన తెలుగు మాట్లాడతారు. పుస్తకంలో ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ గ్రాంథికానికి దగ్గరగా ఉండే తెలుగు, ప్యానెల్లోని వీడియోలో మూడో రకం గొంతు. మా పాఠశాల కాంప్లెక్సులో ఇద్దరు ఉపాధ్యాయులు తమ ఫోనుతో నాలుగైదు నిమిషాల పాఠాలు రికార్డు చేసుకున్నారు. ఘర్షణ అంటే ఏమిటో చెప్పడానికి ఒండ్రుమట్టిలో దిగబడిన పత్తి బండిని చూపించారు. పిల్లలు ఆ బండి ఎవరిదో కూడా గుర్తుపట్టారు. అవి ఇప్పటికీ వాళ్ల ఫోన్లలోనే ఉన్నాయి, ఫోను మారితే పోతాయి. ఫెట్ వంటివి ఇంటర్నెట్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడుస్తాయి, కొన్నింటికి తెలుగు రూపమూ ఉంది. వీటినీ, మా ఉపాధ్యాయులు చేసినవాటినీ కలిపి జిల్లా స్థాయిలో ఒక చోట భద్రపరచి, ఏడాదికి ఒకసారి ప్రతి బడికీ పెన్‌డ్రైవ్‌లో అందిస్తే, కొత్తగా కొనే పాఠాల కన్నా ఎక్కువ పని చేస్తాయి. పాఠం తయారు చేసిన ఉపాధ్యాయుడి పేరు దాని మీద ఉండాలి. జీతం పెంచమని అడగడం లేదు, పేరు చాలు.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చినప్పుడు నేను పెట్టుకున్న పెద్ద ఆశ సుగ్గికి, అంటే కోతల పనికి వలస, పోయే పిల్లల మీద. దీపావళి దాటాక మా ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు బండ్లకెత్తుకుని పోయిన కుటుంబాలు ఉగాది వరకు తిరిగి రావు. సీజనల్ హాస్టళ్లలో కొందరు పిల్లలు నిలుస్తారు, అందరూ నిలవరు. ట్యాబు వెంట ఉంటే పాఠం కూడా మిరప చేనుదాకా పోతుందనుకున్నాను. ఆ ఏడు సుగ్గి నుంచి తిరిగొచ్చిన ఒక పిల్లను ట్యాబులో ఎంతవరకు చూశావని అడిగితే, తీసుకుపోలేదంది. వాళ్ల అవ్వ దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుందట. "పోతే మేమే కట్టల్లంట గదా సార్, యాడికెల్లి కడతాము?" అంది ఆ పిల్ల. ట్యాబు తీసుకునేటప్పుడు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాం కదా, ఆ కాగితంలో ఏముందో ఆ అవ్వకు ఎవరూ చదివి వినిపించలేదు. నేను కూడా చదివి వినిపించలేదు. ఇకముందు పిల్లలకు ఏ పరికరం ఇచ్చినా, పగిలినా పోయినా కుటుంబం నుంచి ఒక్క రూపాయి వసూలు చేయబోమని పెద్ద అక్షరాల తెలుగులో రాసి, గ్రామ సభలో బిగ్గరగా చదివించండి. వలస వచ్చిన పిల్ల ఏ ఊళ్లోని బడికైనా వెళ్లి ట్యాబు చార్జింగు పెట్టుకోవచ్చని, అక్కడి ఉపాధ్యాయుణ్ని సందేహం అడగవచ్చని గుంటూరు, పల్నాడు జిల్లాల బడులకు ఒక మాట పంపండి.

వచ్చే విద్యా సంవత్సరానికి జూన్‌లో బడులు తెరుస్తారు. పైన విన్నవించినవాటిలో మరమ్మతుల అధికారానికీ, పాఠం వేళల్లో గడువులు పెట్టరాదన్న ఉత్తర్వుకూ కొత్త బడ్జెటు అక్కరలేదు, ఆలోపే వెలువడవచ్చు. నేను చివరగా పనిచేసిన బడిలో తొమ్మిదో తరగతి బి సెక్షన్ ప్యానెల్ జనవరి నుంచి నల్లగా ఉంది. రికార్డుల్లో దాని ఫిర్యాదు మూడుసార్లు పరిష్కారమైంది. సీలు విప్పడానికి అనుమతి ఇస్తే ఒక పూటలో పని అయిపోతుందని ఆదోని కుర్రవాడు చెబుతున్నాడు. అతని నంబరు ప్రధానోపాధ్యాయుడి దగ్గర ఉంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
ఆదోని ప్రాంతం, కర్నూలు జిల్లా.