లాస్ట్-డిచ్ అంటే ఆఖరి అగడ్త

బిడ్డా,

నువ్వు పంపిన ఇంగ్లిష్ వ్యాసం చదివిన. "మై లాస్ట్-డిచ్ ఎగ్జామ్ ఈజ్ ఆన్ ఫ్రైడే" అని రాసినవ్. చివరి పరీక్షకు ఉత్త "లాస్ట్" చాలు. లాస్ట్-డిచ్ అనేది వరుసలో చివరిదానికి వాడే మాట గాదు. అన్ని దారులు మూసుకపోయినంక, ఓడిపోవచ్చని తెలిసి కూడా తెగించి చేసే ఆఖరి ప్రయత్నానికి వాడేది.

డిచ్ అంటే ఇక్కడ మోరీ గాదు, శత్రువును ఆపెటందుకు తవ్విన కందకం. ఖిలా వరంగల్ యాది చేసుకో. బయట మట్టికోట, లోపల రాతికోట, దేని అగడ్త దానికే. 1310ల మాలిక్ కాఫూర్ సైన్యం మట్టికోటను పట్టుకున్నంక ప్రతాపరుద్రునికి మిగిలినయి ఆ రాళ్లు, వాటి చుట్టున్న నీళ్లు. గసొంటిదే లాస్ట్ డిచ్. మాట మాత్రం మన దగ్గర పుట్టింది గాదు. 1672ల ఫ్రాన్స్, ఇంగ్లండ్ కలిసి డచ్చి దేశం మీద పడ్డప్పుడు, దేశం నాశనమయ్యేది చూడకుంట ఆఖరి కందకంల ప్రాణమిడుస్తనని అక్కడి నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ అన్నడని చెప్తరు.

నామవాచకం ముందటనే పెట్టు: లాస్ట్-డిచ్ ఎఫర్ట్, అటెంప్ట్, అప్పీల్, టాక్స్. పేపర్లోళ్లు "బిడ్" అని కూడ రాస్తరు. "ద ఎఫర్ట్ వాజ్ లాస్ట్-డిచ్" అంటే చెవికి ఎబ్బెట్టుగ ఉంటది. విశేషణమైనప్పుడు రెండు మాటల నడుమ అడ్డగీత ఉండాలె. కందకం అనే అర్థంల విడిగ రాస్తే అక్కరలేదు. స్పెల్లింగుల "టి" ఇడిసిపెట్టకు.

అందరు తప్పు చేసేది లాస్ట్-మినిట్ తోని. ఫీజు గడువు దాటే రాత్రి ఫారం నింపితే అది లాస్ట్-మినిట్, అండ్ల గడియారం తప్ప ఇంకేం లేదు. వరి పాలు పోసుకునే యాళ్లకు బోరు ఎండింది, కొత్త బోరుల నీళ్లు పడలే, కాలువ రాలే. అప్పుడు ట్యాంకర్ తెప్పించి తడి ఇస్తే అది "ఎ లాస్ట్-డిచ్ అటెంప్ట్ టు సేవ్ ద క్రాప్". వెనుక చేసిన ప్రయత్నాలు ఫెయిలైనయా, ఇదీ పోతే పంట పోయినట్టేనా అని చూసుకో. రెండిట్ల ఒక్కటి లేకున్నా ఆ మాట పెట్టకు. మందులు పనిచేయక డాక్టర్ నిమ్మళంగ ఆపరేషన్‌కు తేదీ ఇస్తే అది లాస్ట్ రిసార్ట్. అండ్ల తెగింపు లేదు.

గెలుపోటముల సంగతి ఆ మాటల ఉండదు. ఫుట్‌బాల్‌ల లాస్ట్-డిచ్ టాకిల్‌తోని గోల్ ఆగచ్చు. వార్తలల్ల "ఫెయిల్డ్" పక్కన ఎక్కువ కనబడుతది గాబట్టి ఓటమే అనుకుంటరు.

తెలుగుల రాసేటప్పుడు "చివరి కందక ప్రయత్నం" అని రాసేవు, నవ్వుతరు. "ఆఖరి ప్రయత్నం" సరిపోతది, జోరు కావాలంటే "చావో రేవో". నీ వాక్యంల "డిచ్" కొట్టేసి మళ్ల పంపు.

బాపు
హన్మకొండ