లేడీస్మిత్ రోడ్డు పేరు వెనుక

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అమ్మాయికి ఆవకాయ పంపబోతే, చిరునామాలో ‘లేడీస్మిత్ రోడ్’ అని చూసిన కొరియర్ కుర్రాడు ‘మేడమ్ పేరు పై గడిలో రాయాలండీ’ అన్నాడు. అతను పూర్తిగా పొరబడలేదు. లేడీస్మిత్ దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతపు ఊరు. అప్పటి కేప్ కాలనీ గవర్నరు హ్యారీ స్మిత్ భార్య, స్పెయిన్ దేశస్థురాలైన హువానా పేరిట వెలసింది.

1899 నవంబరు 2 నుంచి 118 రోజులపాటు బోయర్లు, అంటే దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్చి సంతతివారు, బ్రిటిష్ సేనలున్న ఆ ఊరిని ముట్టడించారు. ముట్టడి తొలగిన వార్త తంతి మీద అందగానే ఇంగ్లండ్ సంబరాల్లో మునిగింది. సరిగ్గా ఆ కాలంలోనే అక్కడి పట్టణాల శివార్లలో గోడకు గోడ ఆనించి ఇళ్ల వరసలు లేస్తున్నాయి. వీధి పేరు బిల్డరు సూచించడం, స్థానిక పాలక సంస్థ ఆమోదించడం ఆనవాయితీ కనుక, ఆ రోజుల్లో పత్రికల్లో మారుమోగిన లేడీస్మిత్, అలాగే ముట్టడికి గురైన కింబర్లీ, మాఫెకింగ్ వంటి ఊళ్ల పేర్లే పలకలకెక్కాయి. అంతకుముందు, 1854లో క్రిమియా యుద్ధంలో పోరు జరిగిన చోట్ల పేర్లతో ఆల్మా, ఇంకర్‌మన్ వీధులు పుట్టిందీ ఇలాగే. ఆల్మా ఒక నది పేరని ఆ వీధివాసుల్లో ఎందరికి తెలుసో!

ఆ పలకలు చెప్పని సంగతి మనకు దగ్గరిది. లేడీస్మిత్‌ను విడిపించే పోరాటంలో గాంధీజీ కూడగట్టిన సుమారు 1,100 మంది భారతీయులు క్షతగాత్రులను స్ట్రెచర్లపై ఒక్కోరోజు 20, 25 మైళ్లు మోశారు. వారిలో అధికులు ఒప్పంద కూలీలు. 1860 నుంచి మద్రాసు రేవులో నటాల్ ఓడలెక్కిన కూలీల్లో మన విశాఖ జిల్లావారూ ఉన్నారు కనుక, ఆ మోతలో మనవాళ్ల భుజాలూ ఉండే ఉంటాయి. ముట్టడిలో చిక్కుకున్న ప్రభుసింగ్ అనే కూలీ అయితే చెట్టెక్కి కూర్చుని, ఎదుటి కొండమీద ఫిరంగి మెరుపు కనిపించిన ప్రతిసారీ గంట కొట్టి జనాన్ని హెచ్చరించాడు. వైస్రాయ్ కర్జన్ అతనికి కశ్మీరీ వస్త్రం బహూకరించారు. వీధి పేరు మాత్రం అతనికి కాదు, ఆ ఊరికి దక్కింది.

మన నగర శివార్లలోనూ లేఅవుట్లకు అమ్మేవారే పేర్లు పెడుతున్నారు; మువ్వలవానిపాలెం ఎం.వి.పి. అనే మూడు ఇంగ్లిషు అక్షరాలకు కుదించుకుపోయిన ఊరు మనది. కొత్తగా వేసే వీధుల్లో ఒక్కదానికైనా నటాల్ వెళ్లిన ఆ కూలీల పేరు పెట్టి, ఎందుకు పెట్టారో పలక మీద రెండు వాక్యాలు రాయించాలని నగర పాలకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం